చీరల కొట్టులో దూరిన ఒకవేళ

మా కొట్టులో అందరికన్నా ఎక్కువ చీరలు కట్టింది ఆడవాళ్ళు కాదు, నేను. కంగారు పడకండి. చీపురుపల్లి బజారులో చీరలమ్మేవాళ్ళకి ఇది మామూలే. కొనడానికొచ్చినావిడకి చీరని మడతల్లో చూస్తే తృప్తి ఉండదు. అలాగని పదిమందిలో తనే భుజాన వేసుకు చూడడానికి మొహమాటం. అప్పుడు కొట్టువాడే లేచి, ప్యాంటు మీద కుచ్చిళ్ళు దోపుకుని, కొంగు భుజాన వేసుకుని, పరుపు మీద అటూ ఇటూ నడిచి చూపించాలి.

మా కొట్టులో పనివాళ్ళున్నా ఈ ఉద్యోగం నాదే. నేను నల్లగా ఉంటాను. పొట్ట ముందు నడిస్తే నేను వెనక నడుస్తాను. మీసం గుబురుగా ఉంటుంది. గల్లా దగ్గర కూర్చునే మా అన్నయ్య ఈ మూడింటినీ సరుకు కిందే లెక్కేసుకునేవాడు.

"మా తమ్ముడికే ఇంత నప్పింది సూడమ్మా. నీకెలాగుంటాదో నువ్వే అనుకో" అనేవాడు.

ఆ మాటకి పడని బేరం లేదు. పట్టు చీరల మీద ఆయనకెంత పట్టుందో, తమ్ముడి పరువు మీద అంత విడుపు.

నా రెండో ఉద్యోగం అబద్ధాలాడడం. రంగు పోదమ్మా, నిన్న సాయంత్రమే దిగిన సరుకమ్మా, ఈ అంచు మళ్ళీ రమ్మన్నా రాదమ్మా. వీటిని మేము అబద్ధాలనుకునేవాళ్ళం కాదు. గంజి పెట్టని నూలు చీర నిలబడనట్టే గంజి పెట్టని మాట కూడా నిలబడదనీ, అందుకే మాటకి కాస్త గంజి పెడుతున్నామనీ అనుకునేవాళ్ళం. కొట్టు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే మా అమ్మ మాత్రం అప్పుడప్పుడూ, "ఒరే, గంజి ఎక్కువైపోయింది, సీర ఇరిగిపోతాది" అనేది. మా ఇల్లు కొట్టు మీదే. నాన్న పోయాక అమ్మకి పైన పొద్దు పోయేది కాదు. కింద బేరాలు చూస్తుంటే పోయేది.

ఒక ఏడు మూఢం బాగా సాగింది. ముహూర్తాలు లేకపోతే పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే మాకు ఈగలు తోలుకోవడమే పని. అలాంటి రోజుల్లో మమ్మల్ని ఆదుకునేది మూఢాలు లేని మనుషులు, అంటే చర్చికెళ్ళేవాళ్ళు. వాళ్ళలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన పెద్దావిడ ఒకరు, సన్నంచు తెల్లచీరల కోసం వచ్చారు. నేను యథాప్రకారం ఒకటి కట్టి చూపించాను.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "నీకు తెలుపు నప్పదు బాబూ. మీసమున్న సిస్టరమ్మలాగ ఉన్నావు" అన్నారు.

మా అన్నయ్య గల్లా మీద తల పెట్టుకుని నవ్వాడు. చీర పొట్లం కట్టించుకుంటూ ఆవిడ సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి నా ముందు పెట్టారు. సువార్తల పుస్తకం.

"ఖాళీగా ఈగలు తోలుతున్నావు కదా, చదువు."

"మతం మారే ఓపిక నాకు లేదమ్మా. రోజూ చీరలు మార్చడంతోనే సరిపోతోంది" అన్నాను.

"నిన్నెవరు మారమన్నారు? చదివి, ఒకవేళ ఇది నిజమైతే ఏటవుతాది అని ఒక్కసారి అనుకుని చూడు. అనుకోడానికి ఏం పోయింది?"

ఏం పోయిందో తర్వాత తెలిసింది.

నిజానికి అందులో చెయ్యకూడని పనుల పట్టిక ఉంటుందనుకున్నాను. అలాంటి పట్టికలు మా ఇంట్లో అమ్మ దగ్గర చాలా ఉన్నాయి. కొత్తది అక్కర్లేదనుకునే తెరిచాను. తీరా చూస్తే అందులో ఒక మనిషి కూర్చోకూడని వాళ్ళ పక్కన కూర్చుంటున్నాడు, తినకూడని ఇళ్ళల్లో తింటున్నాడు, అడగకుండానే కథలు చెబుతున్నాడు. ఎవరో ఒకరు బాగుపడ్డాక దగ్గరికి రానివ్వడం కాదు, బాగుపడకముందే వెళ్ళి వాళ్ళ గుమ్మం తడుతున్నాడు. చివరికి ఆ తట్టడానికే ఆయన్ని చంపేశారు. పాతిపెట్టాక సమాధి ఖాళీ అయింది. ఆ సంగతి మొదట తెలిసింది ఆడవాళ్ళకి. వాళ్ళు పరిగెత్తుకొచ్చి చెబితే మగవాళ్ళు కొట్టిపారేశారు. ఆ ముక్క దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది, ఇది ఎవరో కూర్చుని అల్లింది కాదేమో అని. అల్లేవాడైతే సాక్ష్యానికి ఎవరైనా పెద్దమనుషుల్ని తెచ్చుకునేవాడు. ఆడవాళ్ళు నిజం చెప్పడం, మగవాళ్ళు నమ్మకపోవడం, తర్వాత నాలిక కరుచుకోవడం మా ఇంట్లో రోజూ జరిగేదే.

అలా దూరింది నాలోకి ఆ "ఒకవేళ". పట్టుచీరల బీరువాలో చిమ్మెట దూరితే బయటికేమీ కనపడదు. మడతల మధ్య ఎక్కడో కూర్చుని కొరుకుతూ ఉంటుంది. ఇదీ అంతే. అన్నం తింటుంటే ఒకవేళ, స్కూటరు తుడుస్తుంటే ఒకవేళ. ఒకవేళ ఆయన నిజంగా లేచి ఉంటే, ఇప్పటికీ బతికే ఉండాలి కదా. బతికే ఉంటే, ఈ కొట్టులో నేను మాట్లాడేది వింటూనే ఉండాలి కదా!

ఆ ఆలోచన మంచిదే గానీ, బేరం మధ్యలో రాకూడదు. సరిగ్గా అప్పుడే వచ్చింది. పక్క పల్లె నుంచి వ్యవసాయం చేసుకునే అక్కచెల్లెళ్ళిద్దరు నూలు చీరలకొచ్చారు. ముదురు ఎరుపు రంగుది ఒకటి వాళ్ళ కంట్లో పడింది. కట్టి చూపించాను.

"రంగు పోతాదేటి బావూ?" అంది అక్క.

పోదమ్మా అనడానికి నోరు తెరిచాను. నోరు తెరుచుకుంది గానీ మాట మారిపోయింది.

"పోతాదమ్మా. మొదట్లో విడిగా ఉతుక్కోవాల. తోటి బట్టలన్నీ ఎర్రగయిపోతాయి."

గల్లా దగ్గర మా అన్నయ్య తుమ్మబోయి ఆగిపోయాడు. అక్క నా మొహంలోకి ఒక నిమిషం చూసి, చెల్లెలి చెవిలో అందరికీ వినబడేటట్టు గుసగుసలాడింది.

"ఒలే, ఈ సీర ఎవులికో దాసినట్టున్నాడే. అందికే మనకొద్దంతన్నాడు."

"అయితే ఇదే తీసీసుకో అప్పా, బేగి."

"లేదమ్మా, నిజంగానే పోతాది" అన్నాను.

"పోతే మా రంగు పోతాది, నీకేటి? కట్టియ్యి."

ఆవేళ తీసుకెళ్ళారు. మర్నాటికి వాళ్ళూరి నుంచి ఇంకొందరు వచ్చి, "ఆ నల్లబావు వద్దన్న సీర సూపించండి" అని కూర్చున్నారు. నాలుగు వారాలు తిరిగేసరికి నిజం మా కొట్టులో కొత్త ఫ్యాషనైపోయింది. ఈ అంచు ఆరునెల్ల కిందటి సరుకంటే అదే కావాలంటారు. మీకు నప్పలేదంటే నవ్వి, ఇంకా మంచిది లోపల ఉందని పట్టుబడతారు. మూఢంలో కూడా బేరాలు.

మా అన్నయ్య ఆనందం చూడాలి. "ఒరే, ఏం టెక్నిక్ రా ఇది! నాన్నకి కూడా తట్టలేదు. ఒరే, అందరూ ఇనండి, రేపట్నుంచి అందరూ నిజమే సెప్పాల" అని పనివాళ్ళని కూర్చోబెట్టి క్లాసు పీకాడు. అది టెక్నిక్ కాదన్నియ్యా అని చెప్పబోతే, నా నిజాన్ని కూడా టెక్నిక్ కిందే జమ వేసుకున్నాడు.

పరువు పెరిగేసరికి నాకు మీసం ఇంకాస్త లేచింది. అబద్ధం ఆడనివాణ్ణయ్యాను కదా. ఎదర కొట్టు ఆయన "రంగు పోదమ్మా" అంటూ ఉంటే జాలిగా చూసేవాణ్ణి. పాపం, ఇంకా పాత పద్ధతి. ఆ ఊపులోనే మళ్ళీ పుస్తకం తెరిస్తే, గుడికి ప్రార్థనకెళ్ళిన ఇద్దరి కథ తగిలింది. ఒకడు ముందు నిలబడి, నేను పక్కవాడిలాంటి వాణ్ణి కానందుకు థాంక్స్ అని దేవుడికి చెప్పుకున్నాడు. రెండోవాడు తలెత్తలేక వెనకాల గుండె బాదుకున్నాడు. దేవుడు రెండోవాణ్ణి మెచ్చి ఇంటికి పంపాడు. చదువుతూ రెండోవాడి మీద జాలిపడబోయి చూసుకుంటే, మొదటివాడు నా బనీనే వేసుకుని, నా మీసమే దువ్వుకుంటున్నాడు.

ఆ పుస్తకంతో వచ్చిన చిక్కు అది. దాన్ని పట్టుకుని ఎదుటివాణ్ణి కొలుద్దామని కూర్చుంటే, టేపు తిరిగొచ్చి మన నడుముకే చుట్టుకుంటుంది. నా నడుమంటే మరి టేపు చాలదు. అప్పటికి ఒక సంగతి మాత్రం అర్థమైంది. అది నిజమైతే, నేను మంచివాణ్ణవడం వల్ల ఆయన దగ్గరికి వెళ్ళడం కాదు, వెళ్ళడానికి ఆయన ముందే దారి చేసి పెట్టాడు. నేను చెయ్యాల్సిందల్లా లేచి నడవడం. చీరలు కట్టి నడిచిన నాకు, ఏమీ కట్టుకోకుండా, అంటే ఏ గొప్పా కట్టుకోకుండా, నడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం వార్డెనమ్మగారు వెళ్ళే ప్రార్థన మందిరానికి వెళ్ళాను. వెనకాల, చెప్పుల పక్కన కూర్చున్నాను. పాట మొదలెడితే అందరితో పాటు చప్పట్లు కొట్టాను. నా చప్పట్లకి డోలక్కువాళ్ళు తాళం తప్పారు. ముందు వరసలోంచి ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. మా కస్టమరు. మధ్యాహ్నం అన్నం తినే వేళకి ఆ కబురు మా మేడ మెట్లెక్కేసింది.

అమ్మ కంచంలో కూర వడ్డించి, గరిటె పట్టుకునే అడిగింది.

"పొద్దున్న ఎక్కడికెల్లేవు?"

"ప్రార్థనకమ్మా."

"ఏటడిగేవు?"

"ఏటీ అడగలేదు. ఊరికే కూసున్నాను."

"ఊరికే కూసోడానికి కొట్టు లేదేటి?" అని, గరిటె పక్కన పెట్టింది. "సూడు నాయినా. కులపోల్లేటనుకుంతారో నాకక్కర్లేదు. ఆల్లు నాను కొత్త సీర కట్టినా అనుకుంతారు, పాతది కట్టినా అనుకుంతారు. నాకొకటే కావాల. నాను సచ్చిపోతే నాకు నువ్వు నిప్పెడతావా, పెట్టవా?"

ఇక్కడ మా ఇళ్ళల్లో పద్ధతి ఒకటి చెప్పాలి. తండ్రికి తలకొరివి పెద్దకొడుకు పెడతాడు, తల్లికి చిన్నకొడుకు. నాన్నకి అన్నయ్య పెట్టాడు. అమ్మ వంతు నాది. నా చిన్నప్పటి నుంచీ అది అమ్మ నోట్లో ఒక ముద్దుమాట. ఇతర తల్లులు బంగారుకొండ అనే చోట మా అమ్మ, "బేగి లెగరా, నాకు కొరివి పెట్టాల్సినోడివి, ఇలా పడుకుంటే ఎలాగ" అనేది. ఆ వంతు ఉందన్న ధైర్యంతోనే ఆవిడ జ్వరాలన్నీ నవ్వుతూ దాటేసింది. ఇప్పుడు ఆ ధైర్యం కాళ్ళ కింద నుంచి నేను పరుపు లాగేస్తున్నానా అని అడుగుతోంది.

జవాబు సులువు. పెడతానమ్మా, నీకెందుకు బెంగ అంటే చాలు, కూర చల్లారకుండా ఉండేది. పైగా ఇది మా వ్యాపారంలో ఎవరికీ దొరకని బేరం. రేపు మాట తప్పినా, తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యడానికి కస్టమరు ఉండదు. అలా అనుకున్నానో లేదో చిమ్మెట కొరికింది. ఆ పుస్తకమే నిజమైతే, ఈ కస్టమరు తిరిగొస్తుంది!

చితి ముందు ఆ తంతంతా నేను నమ్మి చెయ్యగలనో లేదో నాకు నిజంగానే తెలీదు.

"తెలీదమ్మా. ఇప్పటికైతే నాకే తెలీదు" అన్నాను.

అమ్మ ఏడవలేదు. తిట్టలేదు. మంచినీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయింది. నేను చెయ్యి కడుక్కుని కిందికొచ్చి, ఆదివారం బేరాలుంటాయి కదా అని కొట్టు తలుపు తీశాను.

ఆ సాయంత్రం నుంచి అమ్మ నాతో మాట్లాడడం మానేసి సీలింగు ఫ్యానుతో మాట్లాడడం మొదలెట్టింది. నేను వింటుండగా ఫ్యాను వంక చూసి, "కొంతమందికి అన్నం పెట్టీసేను, తినమను" అనేది. "కొంతమంది తడిగుడ్డ మంచం మీద పడీసేరు, తియ్యమను" అనేది. కరెంటు పోతే నాకు కబుర్లందేవి కావు. కొట్టు గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది.

అన్నయ్య మొదటిసారి నా మీద నిజంగా కోప్పడ్డాడు. "సీర గురించి నిజం సెప్పు, ఊరంతా మెచ్చుకుంటాది. అమ్మ దగ్గిర నిజం సెప్పడానికి నీకేటొచ్చింది రా? అదేటి, సేల్సా?"

"అబద్ధం సెప్పమంటావా అన్నియ్యా?"

"అమ్మకి సెప్పేది అబద్ధమవదురా!"

అంత గొప్ప సూత్రం విన్నాక, స్కూటరెక్కి వార్డెనమ్మగారింటికి పోయాను. ఆవిడ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. జరిగిందంతా చెప్పాను. చెబుతున్నప్పుడు, నిజాయితీపరుణ్ణని కాస్త మెచ్చుకుంటారనే ఆశ ఉంది, దాచడమెందుకు.

"నిజమే చెప్పావు. బాగుంది. చెప్పి ఏం చేశావు?"

"కిందికొచ్చి కొట్టు తెరిచానమ్మా."

"అదే మరి. నిజం తీసుకెళ్ళి ముసలావిడ ఒళ్ళో పడేసి, నువ్వు బేరానికి పోయావు. భయపడి అడిగింది కదా, పక్కన కూర్చున్నావా?"

నా మీసం కిందికి దిగింది.

"కొరివి సంగతేం చెయ్యమంటారు?"

"నన్నడగకు, నేను మీ ఇంటి పెద్దని కాను. నీ దేవుణ్ణి అడుగు."

"నాకింకా ఒకవేళ దేవుడే కదమ్మా."

"ఒకవేళ దేవుణ్ణే అడుగు. ఆయనేం అనుకోడులే" అని చిక్కుడుకాయలు చాటలోకి నెట్టారు. "కాసిని పట్టుకెళ్ళు. మీ అమ్మగారికి ఇష్టం."

తిరుగుదోవలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఎంతకీ తరగదు. స్కూటరాపుకుని, చిక్కుడుకాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, జీవితంలో మొదటిసారి నా మాటల్లో ప్రార్థించాను. "ఒకవేళ నువ్వుంటే, మా అమ్మ భయపడుతోంది. నాకు కొట్టు తెరవడమొక్కటే వచ్చు" అని. గంజి లేని ప్రార్థన. ఆకాశవాణేమీ వినపడలేదు. వెనక ఆటోవాడు హారను కొట్టాడు, గేటు లేచింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. కొట్టుకి పోకుండా ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను. ఆవిడ ఫ్యాను వంక చూసి, "కొంతమందికి కొట్టు లేదేటి" అంది. నేను కూడా ఫ్యాను వంకే చూసి మొదలెట్టాను.

"ఆయన్ని కొయ్యకి కొట్టినప్పుడు, తల్లి ఎదురుగా నిలబడుందంట."

బియ్యంలో వేళ్ళాగాయి.

"ఎవులు?" అంది, నాతోనే.

"యేసు. ఆ పుస్తకంలో ఉందమ్మా."

"తల్లి సూస్తుండగానేనా?"

"ఊఁ."

"ఓలమ్మో. ఆ తల్లి పేణమెలా నిలబడింది?"

"అంత నొప్పిలో ఉండీ, దగ్గరున్న స్నేహితుణ్ణి పిలిచి, ఈవిడింక నీ తల్లి అని అప్పజెప్పేడంటమ్మా. అప్పట్నుంచి అతను ఆవిణ్ణి తనింటికి తీసుకుపోయేడంట."

అమ్మ ఏరిన రాయిని మళ్ళీ బియ్యంలోనే వేసింది.

"అలాటప్పుడు కూడా తల్లి గుర్తుందా. మంచోడే" అంది. తర్వాత, "లెగిసేడంటారు కదా. తల్లికి కనబడ్డాడా?"

ఇబ్బందిలో పడ్డాను. "కనబడినట్టు రాయలేదమ్మా."

"రాయకపోతే కనబడనట్టేటి? రాసినోల్లు మగోల్లు. ఆల్లకేటి తెలుసు. కనబడే ఉంటాడు" అని ఆ గొడవ అక్కడితో తేల్చేసింది. చదువుకున్నవాళ్ళు దీని మీద ఎంత రాసుకున్నారో నాకు తెలీదు గానీ, మా అమ్మ తీర్పుకి పైకోర్టు లేదు.

"అమ్మా, నిప్పు సంగతి నాకింకా తెలీలేదు. తెలిసినప్పుడు నీకే ముందు సెప్తాను. కానీ నువ్వున్నన్నాల్లూ నీ దగ్గిరే ఉంటాను. ఆ రోజు కూడా నీ పక్కనే ఉంటాను. పారిపోను."

"పారిపోడానికి ఆ పొట్టతో నీకవుతాదేటి" అంది అమ్మ. అని, చిక్కుడుకాయల సంచి చూసి, "ఎవులిచ్చేరు?" అంది. ఫ్యానుకి ఆ పూటతో ఉద్యోగం పోయింది.

మర్నాడు కొట్టు తియ్యగానే కిందికి దిగింది. గుమ్మం దగ్గర కుర్చీలో కాదు, కస్టమర్లు కూర్చునే పరుపు మీద కూర్చుంది.

"నాకు సీర కావాల."

"ఏ సీరమ్మా?" అన్నాడు అన్నయ్య.

"నాను పోయినప్పుడు కప్పేది. మీ ఇద్దర్నీ నమ్మి ఊరుకుంటే, అమ్ముడుపోని సరుకేదో కప్పీగలరు."

అన్నయ్య చెవులు మూసుకున్నాడు. పొద్దున్నే బోణీ వేళ ఏటా మాటలని లబలబలాడాడు. అమ్మ వినిపించుకోలేదు. "సిన్నోడు అబద్ధాలు సెప్పడం లేదంట కదా, ఆడే సూపిస్తాడు. లెగరా."

నేను లేచి, అమ్మ చావు చీరలు ఒక్కొక్కటీ నా భుజాన వేసుకుని నడిచాను. అంతకు ముందు ఎన్నో పెళ్ళి చీరలు కట్టి నడిచాను గానీ, కుచ్చిళ్ళు జారిపోతే మళ్ళీ దోపుకోవడం అదే మొదలు. అమ్మ మాత్రం తాపీగా, మేనకోడలి పెళ్ళికి బేరమాడినట్టు, "ఇది నీ పొట్ట తీసీసి సూస్తే బాగున్నాది", "ఇది నాకొద్దు, మీ మేనత్తకి కప్పేరు ఇలాటిది" అంటూ కూర్చుంది. ఆఖరికి ఒక నేత నూలు చీర పక్కన పెట్టించింది.

"కాలిపోయేదానికి ఇది సాలు. పట్టు దండగ."

నేను మిగతావి మడత పెడుతున్నాను. ఆవిడ లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఒరే, ఆయనొక్కడేనా, అందరూ లెగుస్తారా?"

"అందరూ అనే రాసుందమ్మా. ఒకవేళ నిజమైతే."

"లెగిసినప్పుడు ఏ సీరుంటాది?"

"తెలీదమ్మా. అది రాయలేదు."

"ఒకవేళ ఇదే ఉంటే? అంత జనంలో ఈ నూలు సీరతో లెగనా?" అని, నూలు చీర అవతలికి నెట్టేసింది. "పట్టుది తియ్యి."

అప్పటిదాకా మొహం ముడుచుకుని కూర్చున్న అన్నయ్య ఫక్కున నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, తనే లేచి పైఅరలోంచి ఉల్లిపొర రంగు పట్టుచీర తీశాడు. సన్నంచు. కట్టి చూపించమనలేదు. అమ్మ భుజం మీద ఆయనే వేశాడు. అమ్మ అద్దంలో చూసుకుని తల ఊపింది. నా ఒకవేళ మా అమ్మ నోట్లోకి అలా మారిందని నేను అప్పుడు గమనించనేలేదు.

ఆ చీర పెట్టెలో ఎక్కువ రోజులు పడుకోలేదు. మూఢం పోయి ముహూర్తాలొచ్చాయి. శ్రీకాకుళంలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి. అన్నయ్య కొట్టు వదల్లేక మమ్మల్ని పంపాడు. పెళ్ళిపందిట్లో అమ్మ దిగేసరికి చూద్దును కదా, ఉల్లిపొర రంగు పట్టు.

"ఎంత బాగుందత్తా ఈ సీర! ఎప్పుడు తీసేరు?" అంది పెళ్ళికూతురి తల్లి.

"ఇదా? ఇది నా సావుసీర" అంది అమ్మ, లడ్డూ చిదుపుకుంటూ.

ఆవిడ చేతిలో పన్నీరు బుడ్డి జారిపోయింది. నేను అమ్మని పక్కకి లాగి, ఇదేటమ్మా అన్నాను.

"సచ్చేదాకా దాసుకుంటే సిమ్మెట కొట్టీదా? అప్పటికి ఇంకోటి తీద్దాం. కొట్టు మనదే కదా."

తిరుగు ప్రయాణానికి ఆముదాలవలస స్టేషనుకొచ్చాం. ముహూర్తాల రోజులు, ప్లాట్‌ఫారం నిండా పెళ్ళిజనమే. ప్యాసింజరు వచ్చేసరికి తోపులాటలో అమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. అటు పరిగెత్తాను, ఇటు పరిగెత్తాను. నేను పరిగెత్తడమంటే చూసేవాళ్ళకి వినోదం. తీరా చూస్తే ఆవిడ అప్పటికే బండెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్కావిడకి నా గురించే చెబుతోంది.

"ఎక్కడికి పోనావురా? నీకోసం సీటు కాసుకోలేక సస్తన్నాను" అంది.

బండి నాగావళి వంతెన దాటుతోంది. అమ్మ నీళ్ళ వంక చూస్తూ మెల్లిగా మొదలెట్టింది.

"ఒరే. పెద్దోడికి సెప్పీసేను. నిప్పు ఆడే పెడతాడు. ఆడికి తంతులూ తెలుసు, ఏడుపూ వస్తాది. వంతు నీదేనని నువ్వింక బెంగెట్టుకోకు."

ఇన్ని రోజులూ నేను మోస్తున్నాననుకున్న బరువుని ఆవిడే మోసుకెళ్ళి, నాకు చెప్పకుండా దింపేసి వచ్చింది.

"నాను పక్కనే ఉంటానమ్మా" అన్నాను.

"ఉండు. నువ్వుంటే సాలు." అంది అమ్మ. "అది కాదు గానీ, ఆ లెగిసే రోజు... జనం ఇలాగే ఉంటారు కదా?"

"ఇంకా ఎక్కువుంటారమ్మా."

"మీ నాన్నని నమ్ముకోడానికి లేదు. బతికున్నప్పుడే ఆ మడిసి తిన్నగా ఇంటికి వచ్చీవోడు కాదు." కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది. నవ్వడం లేదు. "నాను ఆ తోపులాటలో ఎవుల్నీ ఎరగను. నువ్వొచ్చి నన్నెతుక్కోవాల."

"ఎతుక్కుంటానమ్మా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి పట్టి చూసింది, రంగు పోతుందో పోదో చూసే కస్టమరులాగ.

"ఏటి, ఈసారి ఒకవేళ అన్లేదు?"

"మర్చిపోనానమ్మా" అన్నాను.